యుగాంతం సినిమాకి ఇంటిల్లిపాదీ బయల్దేరుతున్నారా? ఇది చదివి వెళ్ళండి

మామూలు సినిమా చూసొస్తే దారిలో మాట్లాడుకునేది హీరో గురించి, పాటల గురించి, పార్కింగ్ దగ్గర గుంజిన డబ్బుల గురించి. భూమి అంతమైపోయే సినిమా చూసొస్తే అట్టా ఉండదు. చిన్నోడు అన్నం కంచం ముందు కూర్చుని "మన వీధి కూడా పగిలిపోద్దా నాయనా" అంటాడు, జేజి "ఇదంతా బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పిందే" అంటుంది, ఇంటర్ చదివే పిల్ల "అసలు సైన్సే తప్పు" అని లేస్తుంది, ఇంతలో బాబాయి ఫోన్ తీసి నాసా దాచిపెట్టిన రహస్యం అని ఒక వీడియో అందరి మొహాల ముందూ తిప్పుతాడు. నలుగురికీ కలిపి ఒకటే జవాబు చెప్పబోతే ఎవరికీ ఎక్కదు. నెల్లూరులో ఇలాంటి సినిమా ఎప్పుడొచ్చినా మా బంధువుల్లో పిల్లల్నీ పెద్దల్నీ హాలుకి తీసుకెళ్ళే డ్యూటీ నాకే పడుతుంది కాబట్టి, ఎవరి దగ్గర ఏ మాట పనిచేస్తుందో, ఏది బెడిసికొడుతుందో రాస్తున్నా.

టికెట్టు తీసే ముందు

మొదట సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యూఏ అనేదాన్ని మూడు ముక్కలు చేశారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఇది గేటు దగ్గర ఆపే నిబంధన కాదు, తల్లిదండ్రులకి సూచన మాత్రమే, అయినా 13+ అని రాసున్న సినిమాకి ఆరేళ్ళ పిల్లని తీసుకెళ్ళి తర్వాత "మా పిల్ల జడుసుకుంది" అని హాలువాళ్ళ మీద ఎగిరితే ఏం లాభం. వయసు ఆ నంబరుకి బాగా దూరంగా ఉంటే ఓటీటీలో వచ్చేదాకా ఆగండి. ఇంట్లో అయితే రిమోట్ మన చేతిలో ఉంటుంది.

సెకండ్ షో మాత్రం వద్దు. మ్యాట్నీ అయితే బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంటుంది, ట్రంకు రోడ్డులో ఆటోల హారన్లు, పూలమ్మే ఆమె, కారం దోసె పెనం మీద చుయ్‌మంటున్న చప్పుడు, ఊరు ఊరులాగే ఉందని పిల్లలు కళ్ళతో చూసుకుంటారు. సెకండ్ షో అయితే అర్ధరాత్రి మనుషుల్లేని రోడ్డు మీద ఇంటికి రావాలి, సినిమాలో చివరి అరగంట చూపించింది కూడా అదే కదా.

సీట్లు పక్క గోడల స్పీకర్లకి దూరంగా తీసుకోండి. భూకంపం సీన్లలో కుర్చీ కింద నుంచి వచ్చే అదురు పెద్దవాళ్ళకి బొమ్మ కంటే ఎక్కువ ఇబ్బంది. గుండెకి మందులు వాడేవాళ్ళని వరసలో చివర, నడవ పక్కన కూర్చోబెట్టండి, లేవాలంటే ఎవరి కాళ్ళూ తొక్కకుండా లేచిపోవచ్చు. "మధ్యలో లేస్తే ఏమనుకుంటారో" అని బిగబట్టుకుని కూర్చునే రకం మన పెద్దవాళ్ళు. అందుకని ముందే చెప్పేయండి, "నచ్చకపోతే క్యాంటీన్ దగ్గర కూర్చుందాం, నేనూ వస్తా" అని.

కథ ముందే చెప్పాలా వద్దా అంటే, పదేళ్ళ లోపు పిల్లలకి చెప్పేయడమే మంచిది. కథలో కుక్క ఉంటే అది బతుకుతుందో లేదో తప్పకుండా కనుక్కోండి. దేశాలకి దేశాలు మునిగిపోతుంటే పాప్‌కార్న్ తినే పిల్ల, కుక్క దగ్గరికొచ్చేసరికి వెక్కి వెక్కి ఏడుస్తుంది.

హాల్లో చెవులు తెరిచి ఉంచండి

ఎవరికి ఏం తగిలిందో తర్వాత అడిగితే తెలియదు, హాల్లో వాళ్ళ నోటి నుంచి జారిన మాటలోనే తెలుస్తుంది. 2009 నవంబరులో వచ్చిన '2012' సినిమానే తీసుకోండి, ఇప్పటికీ టీవీలో వేస్తే ఇంట్లో ఎవరూ కదలరు. కథ మన దేశంలోని ఒక రాగి గనిలో మొదలవుతుంది, ముంచుకొచ్చే ప్రమాదాన్ని ముందు పసిగట్టింది మన శాస్త్రవేత్తే, చివరికి అతన్ని తీసుకెళ్ళడానికి రావాల్సిన విమానం రాదు, కుటుంబంతో సహా అలకి బలైపోతాడు. లాస్ ఏంజలస్ సముద్రంలోకి జారిపోతుంటే ఈలలేసినవాళ్ళే ఆ సీను దగ్గర "కనిపెట్టింది మనోడు, చచ్చిందీ మనోడేనా" అని పైకే అంటారు. ప్రళయం నుంచి తప్పించే ఓడలో ఒక్క సీటు నూరు కోట్ల యూరోలు అనగానే వరస వరసంతా గొణుగుడు. ఈలలేశారని తప్పు పట్టకండి, అది గ్రాఫిక్స్‌కి వేసిన ఈల, చనిపోయినవాళ్ళ మీద వేసింది కాదు. గొణుగుడు మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇంటికొచ్చేదారిలో "ఎట్టుంది సినిమా" అని అడిగితే "బాగుంది" అనే ఒక్క ముక్కతో అయిపోతుంది. దాని బదులు "ఆ సీటు రేటు చెప్పినప్పుడు ఏందో అన్నావే మామా" అని అందుకోండి, మామ వంతెన దిగేదాకా ఆపడు. తుఫాను సాయం ఎవరికి ముందు అందింది, ఎవరి పేరు లిస్టులో లేకుండా పోయింది, అన్నీ బయటికొస్తాయి. సినిమా చూసి మనిషికి వచ్చిన అసలు కోపం అది.

ఒక్క ప్రశ్న మాత్రం అడగొద్దు. "ఆ ఓడలో నీకు నాలుగు సీట్లిస్తే ఎవర్ని తీసుకెళ్తావు" అనేది. సరదాగానే మొదలవుతుంది, అత్తాకోడళ్ళున్న ఇంట్లో సరదాగా ముగియదు.

సైన్సు తెలిసిన పిల్లలు సీను నడుస్తుండగానే పక్కవాళ్ళ చెవిలో "ఇది అసాధ్యం, ఇట్టా జరగదు" అంటుంటారు. వాళ్ళ నోరు మూయించకండి, పని అప్పజెప్పండి: "తప్పులన్నీ గుర్తుపెట్టుకో, ఇంటికెళ్ళాక చిన్నోడికి నువ్వే చెప్పాలి." ఇంటర్వెల్ దాకా సైలెంట్‌గా చూస్తారు. ఇంటర్వెల్ గురించి ఒక మాట, ఇంగ్లీషు సినిమాకి అది ఉండదు, మనవాళ్ళు సగంలో ఎక్కడో కోసి పెడతారు, పెద్ద అల లేచిన చోట కోసినా కోస్తారు. అయినా ఆ పావుగంట మంచిదే. పిల్ల మొహం చూడ్డానికి, "ఇంకా చూద్దామా, పోదామా" అని అడగడానికి లైట్లు వెలిగేది అప్పుడే.

పిల్లలు అడిగేవి

"అదంతా ఉత్తిదేరా" అనేది పనికిరాని జవాబు. సినిమా ఉత్తిదని వాడికీ తెలుసు. వాడు అడుగుతున్నది సినిమా గురించి కాదు, వాళ్ళ ఇంటి గురించి. కాబట్టి ముందు "ఏ సీను కళ్ళ ముందు తిరుగుతోంది" అని అడగండి. మనం పెద్ద అల అనుకుంటాం, వాడు చెప్పేది కొడుకు ఫోన్ చేస్తుంటే తండ్రి ఎత్తలేకపోయిన సీను కావచ్చు. అలాంటప్పుడు భూగర్భ శాస్త్రం చెప్పుకుంటూ కూర్చుంటే ఏం ఉపయోగం, "నువ్వు ఫోన్ చేస్తే ఎత్తుతా, నేను ఎత్తకపోతే అత్తకి చెయ్యి" అని చెప్పి ఆ నంబరు వాడి చేత బట్టీ పట్టించండి.

నేల పగలడం గురించి అడిగితే "మనకి భూకంపాలు రావు" అని మాత్రం అనొద్దు. వస్తాయి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో వరసగా భూమి కదిలి జనం ఇళ్ళలోంచి బయటికి పరుగులు తీశారు. ఒకసారి అబద్ధం చెప్పి దొరికిపోతే తర్వాత మీరు చెప్పిన నిజం కూడా వాడు నమ్మడు. చెప్పాల్సిందేందంటే, భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది, మహా భూకంపాలు ఆ పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకునే అంచుల్లో వస్తాయి, సుమత్రా దీవి అట్టాంటి అంచున ఉంది, మనం పలక మధ్యలో ఉన్నాం. తీవ్రతలో ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన 2004లో సుమత్రా దగ్గర వచ్చిన 9.1 భూకంపం మన ఒంగోలు దానికంటే మూడు లక్షల రెట్లకి పైనే. ఈ లెక్క కాలిక్యులేటర్ ఇచ్చి పిల్లల చేతే వేయించండి, వేలు నొక్కుతూ నొక్కుతూ భయం సంగతి మర్చిపోతారు. చివర్లో, నేల కదిలితే గట్టి బల్ల కింద దూరి తల కాపాడుకోవాలని చెప్పి ఒకసారి దూరించి చూపించండి. మంచం కింద కూడా దూరతారు, దూరనీయండి.

హిమాలయాల మీదుగా అల పొర్లే సీను గురించి తప్పకుండా అడుగుతారు. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. ప్రపంచంలో ఉన్న మంచు మొత్తం కరిగినా సముద్రం పెరిగేది ఓ 65, 70 మీటర్లు. అంత నీళ్ళు భూమ్మీద లేవు, అంతే. తెలివైన పిల్లలు అక్కడితో ఆగరు, "మరి నెల్లూరు ఎంత ఎత్తులో ఉంది" అంటారు. సుమారు 20 మీటర్లు. ఇక్కడ తడబడొద్దు. ఆ మంచంతా కరగడానికి వేల ఏళ్ళు పడుతుందనీ, అప్పటికీ మన జిల్లాలోనే దాదాపు 3,000 అడుగుల ఉదయగిరి కొండ ఉందనీ చెప్పండి. మా వాడు వెంటనే ఆ కొండ మీది కోటలో ఎవరెవరికి ఏ గది అని పంచడం మొదలుపెట్టాడు, ఇంకో గంటసేపు ఇంట్లో అదే గొడవ.

న్యూట్రినోలనే అతి చిన్న కణాలు భూమి లోపలి భాగాన్ని ఉడకబెట్టేస్తాయని ఆ సినిమాలో అంటారు కదా, ఇది మాత్రం పిల్లలకి చెప్పి తీరాల్సిన సంగతి. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మన ఒంట్లోంచి ప్రతి సెకనూ లక్షల కోట్లలో దూసుకుపోతూనే ఉంటాయి, దాదాపు దేన్నీ తాకవు, దేన్నీ వేడెక్కించవు, భూమిలో ఇటునుంచి దూరి అటునుంచి పోతాయి. వాటిని పట్టుకోవడమే గొప్ప కష్టం. గాలిపొరల్లో పుట్టే న్యూట్రినోల జాడని 1965లో మొదటిసారి పట్టుకున్న చోట్లలో ఒకటి మన కోలారు బంగారు గని, నేల కింద కిలోమీటర్ల లోతున పరికరాలు పెట్టి. సినిమావాళ్ళు మన దేశంలో గని చూపించడం ఊరికే చూపించినా, అసలు కథ సినిమా కంటే బాగుంటుంది.

ఇక ఆకాశం నుంచి బండ పడటం. దీనికి జవాబు చెప్పడం తేలిక, ఎందుకంటే నెల్లూరు పిల్లలు మిద్దెక్కి రాకెట్ చూసినవాళ్ళే. (శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది, పోతే పోయింది, రాకెట్ మాత్రం మా మిద్దె మీదికి ఇంకా కనిపిస్తూనే ఉంది.) 2022 సెప్టెంబరు 26న నాసా ఒక చిన్న వ్యోమనౌకని తీసుకెళ్ళి డైమార్ఫస్ అనే 160 మీటర్ల బండకి కావాలనే గుద్దించింది, ఇంకో పెద్ద బండ చుట్టూ 11 గంటల 55 నిమిషాలకి ఒకసారి తిరిగే ఆ బండ చుట్టుతిరుగుడు సమయం అరగంటకి పైగా తగ్గిపోయింది. అంటే ముందే కనబడితే దారి మళ్ళించొచ్చని తేలింది. దీంతోపాటే పనికొచ్చే జాగ్రత్త ఒకటి నేర్పండి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద 20 మీటర్ల ఉల్క గాల్లోనే పేలినప్పుడు గాయపడిన దాదాపు 1,500 మందిలో ఎక్కువమందికి తగిలింది కిటికీ అద్దాలే. మెరుపు ముందొచ్చింది, ఏందా అని జనం కిటికీల దగ్గరికి పోయారు, తర్వాత పేలుడు తాకిడి వచ్చి అద్దాలు మొహాన పగిలాయి. ఆకాశంలో పెద్ద వెలుగు కనబడితే కిటికీ దగ్గరికి పోకూడదు. ఈ ఒక్క ముక్క పిల్లలు స్కూల్లో అందరికీ చెప్పేస్తారు.

రాత్రి నిద్ర పట్టకపోతే ఆ సినిమా ఎట్టా తీశారో చూపించే వీడియో పెట్టండి. ఆకుపచ్చ గుడ్డ ముందు హీరో ఖాళీ గోడని చూసి కేకలు పెడుతుంటే పిల్లలకి నవ్వాగదు.

జేజికి జవాబు

ఇక్కడే చాలామంది కుర్రాళ్ళు తన్నులు తినే పని చేస్తారు, కాలజ్ఞానాన్ని ఎగతాళి చేసి. మనకీ బ్రహ్మంగారి మఠానికీ మధ్య ఉన్నది వెలికొండలే, మన పల్లెల్లో ఆ తత్వాలు వింటూ పెరిగినవాళ్ళు ఇంటికొకరుంటారు. వాళ్ళు "అంతా ఆయన చెప్పినట్టే జరుగుతోంది" అన్నప్పుడు వాళ్ళు చెప్పేది భూగోళం గురించి కాదు, రోజులు మారిపోయాయన్న దిగులు. దాన్ని లాజిక్కుతో కొట్టబోతే మాటా మాటా పెరుగుతుంది. ఒక చిన్న ప్రశ్న అడిగి ఊరుకోండి: "తారీఖు చెప్పాడా జేజీ?"

చెప్పలేదంటుంది. అప్పుడు అందుకోవాల్సింది న్యూటన్ని కాదు, సంకల్పాన్ని. పూజ ఏదైనా పంతులుగారు ముందుగా చదివేది ఏంది? "కలియుగే, ప్రథమపాదే, జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోః దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య ఆగ్నేయ ప్రదేశే..." ప్రథమపాదే అంటే కలియుగంలో మొదటి పాదంలోనే ఉన్నామని. మన పంచాంగం లెక్కన కలియుగం 4,32,000 ఏళ్ళు. క్రీస్తుపూర్వం 3102లో మొదలైందంటారు కాబట్టి గడిచింది 5,100 పైచిలుకు. ఇంకా 4,26,000 ఏళ్ళకి పైనే ఉంది. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్న ప్రతిసారీ అంతానికి ఇంకా చాలా టైముందని మనమే మంత్రం చదివి మరీ చెప్పుకుంటున్నాం. ఇది విన్నాక మా జేజి కాసేపు ఆలోచించి "అయితే ఆ పంట్లంబోళ్ళ సినిమావాళ్ళకి పంచాంగం తెలీదు" అని తేల్చేసింది. నాకది చాలు.

'2012' సినిమాకి మూలమైన మాయా క్యాలెండర్ (మధ్య అమెరికాలోని మాయా అనే పాతకాలపు జాతివాళ్ళది) సంగతి కూడా ఇట్టాంటిదే. 1,44,000 రోజులని వాళ్ళు ఒక ఆవృతిగా లెక్కపెట్టారు, అలాంటివి 13 కలిపితే దాదాపు 5,125 ఏళ్ళు, అది 2012 డిసెంబరు 21న పూర్తయింది. పూర్తయ్యాక మళ్ళీ లెక్క మొదలు. మన ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు అయిపోతే మళ్ళీ ప్రభవే కదా.

పక్కింటి బూబమ్మత్త ఖయామత్ అంటుంది, ఒంగోలు వైపు స్నేహితులు రెండో రాకడ అంటారు. అన్ని ఇళ్ళల్లోనూ ఈ సినిమా మతం దగ్గరికే పోతుంది, పోనీయండి. ఖురాన్ ఆ గడియ దేవుడికొక్కడికే తెలుసంటుంది, మత్తయి సువార్త ఆ దినమూ ఆ గడియా ఏ మనిషికీ తెలియదంటుంది. తారీఖు వేసి భయపెట్టేవాడికి గుళ్ళోనూ మసీదులోనూ చర్చిలోనూ కూడా చోటు లేదన్న సంగతి అందరూ కలిసి టీ తాగుతూ ఒప్పుకోగలిగిన మాట. ఓడ సీను చూసి "ఇది మత్స్యావతారమే" అని జేజి, "నోవహు ఓడే" అని ఆమె స్నేహితురాలు వాదులాడుకుంటే మధ్యలో దూరొద్దు. అది భయం కాదు, హాయిగా కాలక్షేపం.

దీని తర్వాతి మెట్టు నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది. పెద్దవాళ్ళని పాత యుగాంతాలు చెప్పమనండి. 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా ఎనిమిది గ్రహాలు మకరరాశిలో చేరితే అష్టగ్రహ కూటమి అని దేశమంతా హోమాలు చేశారు, ప్రయాణాలు మానుకున్నారు. 1979లో స్కైలాబ్ అనే అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని మన పల్లెల్లో ఎట్టాగూ పోతాం కదా అని కోళ్ళూ మేకలూ కోసుకుని తినేశారని ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది, ఇక్కడ పోయింది కోళ్ళే. ఈ కథని పుస్తకంలోంచి మీరు చెబితే సమాచారం. పంటి కింద మురుకు నములుతూ జేజే చెబితే, రెండు యుగాంతాలు దాటొచ్చిన మనిషి తన పక్కనే కూర్చుని ఉందని పిల్లకి అర్థమవుతుంది. సినిమా భయానికి నా దగ్గరున్న మందుల్లో ఇంతకంటే గట్టిది లేదు.

సముద్రం చూసినవాళ్ళు వేరు

తీరం నుంచి వచ్చిన బంధువులుంటే, కొత్తపట్నం గానీ మైపాడు గానీ తుమ్మలపెంట గానీ, పైన చెప్పినవేవీ వాళ్ళకి వర్తించవు. అల సీను రాగానే వాళ్ళు ఈలలు వేయరు, నవ్వరు. కొందరు లేచి బయటికి పోతారు. వెనక్కి పిలవకండి. మీరూ వెళ్ళి పక్కన నిలబడండి, నీళ్ళ బాటిల్ ఇవ్వండి, మాట్లాడితే వినండి.

2004 డిసెంబరు 26, ఆదివారం, పొద్దున ఆరున్నరకి సుమత్రా దగ్గర భూమి కదిలింది, రెండు మూడు గంటల్లో నీళ్ళు మన తీరానికి వచ్చాయి. మన రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు, ప్రకాశం నెల్లూరు జిల్లాల తీరంలోని జాలరి పాలేల వాళ్ళూ అందులో ఉన్నారు. అంతకుముందు 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను ఎక్కడో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి నేల దాటి, బంగాళాఖాతమంతా ఈది మన మీద పడింది. అవి చూసినవాళ్ళకి సినిమాలో అల ఎత్తు తప్పని చెప్పబోకండి. వాళ్ళు మనకి చెప్పాలి. మా బంధువు ఒకాయన అన్నదేందంటే, అల కంటే ముందు సముద్రం వెనక్కి పోవడం చూసి జనం అటు నడిచారని, గవ్వలు ఏరుకునే పిల్లలతో సహా. సినిమావాళ్ళు దాన్ని చూపించరు, వాళ్ళకి కావలసింది కిలోమీటరు ఎత్తున లేచే గోడ. నడిసముద్రంలో సునామీ మీటరు ఎత్తు కూడా ఉండదు, వేగం మాత్రం విమానమంత, ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ లేస్తుంది. మైపాడు బీచికి పోయే ప్రతి పిల్లకీ తెలియాల్సింది ఇది: నీళ్ళు మామూలుగా కాకుండా ఉన్నట్టుండి ఒడ్డు నుంచి వెనక్కి పోతే, చూడ్డానికి ఆగకుండా ఊరి వైపు, ఎత్తు వైపు పరుగెత్తాలి, ఒక అలతో అయిపోయిందనుకోకూడదు.

ఇప్పుడు పరిస్థితి మారిందని కూడా చెప్పాలి, లేకపోతే వినేవాళ్ళకి భయమే మిగులుతుంది. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. తుఫాన్లకి కృష్ణపట్నం ఓడరేవులో ఎగరేసే నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం, పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. టీవీలో "మూడో నంబరు" అనగానే వణకకుండా ఉండాలంటే ఈ మాత్రం తెలిస్తే చాలు. 2023లో దేశంలో చాలాచోట్ల ఫోన్లు ఉన్నట్టుండి పెద్ద శబ్దంతో కూసినప్పుడు జనం హడలిపోయారు, అది హెచ్చరిక పంపే పద్ధతిని పరీక్షించడం. ఫోన్ సెట్టింగుల్లో ఆ అలర్ట్ ఆపేసి ఉంటే మళ్ళీ ఆన్ చేయండి. 112, 1070 నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి. ఆధార్, పొలం కాగితాలు, జేజి మందుల చీటీ, టార్చి, పవర్ బ్యాంకు ఒకే సంచిలో పెట్టే పని పిల్లలకే అప్పజెప్పండి, సినిమా చూసొచ్చిన ఆ ఒక్క రాత్రే వాళ్ళు ఇంత శ్రద్ధగా చేస్తారు, మర్నాటికి వేడి చల్లారిపోతుంది.

నాసా దాచిపెట్టిందనే బాబాయి

ఈయనతో వాదన పెట్టుకోకండి, ప్రశ్నలు వేయండి. వీడియోలో తారీఖుందా, చెప్పినవాడి పేరుందా, ఆ మాట నాసా సైటులో గానీ ఇస్రో సైటులో గానీ ఉందా. అడగడం ఇట్టా ఉండాలి, "బాబాయ్, దాచిపెట్టిన సంగతి యూట్యూబ్‌వాడికి ఎట్టా తెలిసింది?" నవ్వుతూనే అడగాలి, అందరి ముందూ అడక్కూడదు. ఎంతైనా బాబాయి.

దాచరు అనడానికి మంచి ఉదాహరణ ఉంది. 2024 డిసెంబరు 27న చిలీలోని ఒక టెలిస్కోపు 2024 వైఆర్4 అనే బండని పట్టింది. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పెరిగింది, ఆ అంకెని ఎప్పటికప్పుడు లోకమంతటికీ చూపించారు, తర్వాత ఇంకొన్ని రాత్రులు గమనించాక దాదాపు సున్నాకి దిగిపోయింది. ముందు పెరిగి తర్వాత పడిపోవడం మామూలే, బండ దారి సరిగ్గా తెలియనప్పుడు అది పోగల వెడల్పాటి దారిలో భూమి కూడా ఉంటుంది, దారి సన్నబడేకొద్దీ భూమి వాటా పెరుగుతుంది, ఇంకా సన్నబడ్డాక భూమి బయటపడుతుంది. పెరిగినరోజు హెడ్డింగులు పెట్టిన ఛానళ్ళు తగ్గినరోజు గమ్మునున్నాయి, బాబాయి ఫోన్లో పెరిగినరోజు వీడియోనే ఉంది. అదీ ఆయన తప్పు కాదు.

తర్వాతిది ఇప్పుడే రాసిపెట్టుకోండి. 2029 ఏప్రిల్ 13, అపోఫిస్ అనే బండ, మూడు వందల మీటర్లకి పైనే ఉంటుంది, భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దగ్గరగా పోతుంది, అంటే మన టీవీ ఉపగ్రహాలుండే 36,000 కిలోమీటర్ల ఎత్తు కంటే కూడా దగ్గర. ఢీకొట్టదు, కనీసం వందేళ్ళ దాకా ఆ ప్రమాదం లేదని 2021లోనే లెక్కలు తేల్చారు. పైగా ఆరోజు శుక్రవారం, 13వ తారీఖు, ఇంక ఛానళ్ళకి పండగే. ఆ ఏడాది మార్చి నెలలోనే ఫ్యామిలీ గ్రూపులో తారీఖు, దూరం, ఢీకొట్టదన్న ముక్క పెట్టేయండి, కింద మీ పేరు రాయకుండా. పేరు లేకపోతే బాబాయి కూడా దాన్నే నాలుగు గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేస్తాడు.